మట్టి కుండీపై ముగ్గు: రంగు ఊడకుండా వేసే పద్ధతి

ఉగాదికి ఇల్లు కడిగి, గడపలకు పసుపు రాసే రోజుల్లోనే చాలామంది పెరట్లోని మట్టి కుండీలకు కూడా రంగులు వేస్తారు. వైశాఖం వచ్చేసరికి ఆ రంగు పొక్కులు లేచి పెచ్చులుగా రాలుతుంది. నాసిరకం రంగు అమ్మాడని దుకాణదారుణ్ణి తిట్టుకుంటారు. అసలు లోపం కుండీ లోపలి తడిలో ఉంది. లోపలి వైపు వదిలేసి బయట ఎంత ఖరీదైన రంగు పూసినా నిలవదు.

కావలసినవి: కాల్చిన మట్టి కుండీ, 120, 220 నంబర్ల ఉప్పుకాగితం, తెల్ల యాక్రిలిక్ ప్రైమర్, జాజు ఎరుపు, తెలుపు యాక్రిలిక్ రంగులు, నీటితో పలుచన చేసుకునే రంగులేని యాక్రిలిక్ వార్నిష్, వెడల్పు కుంచె ఒకటి, సన్న కుంచె ఒకటి, నూలు దారం, సుద్దముక్క. కుండీని వేలితో కొట్టి చూసి కొనండి, ఖంగుమని మోగాలి. అడుగున చిల్లు లేనిది తీసుకోవద్దు. గోడలకు వేయగా మిగిలిన డిస్టెంపర్‌తో పని కానివ్వాలని చూడకండి, తడి తగిలితే అది పొడిపొడిగా చేతికి అంటుకుంటుంది.

కుండీని కొబ్బరి పీచుతో రుద్ది కడగండి. సబ్బు వద్దు. ఆరాక 120తో, తర్వాత 220తో రుద్ది, పొడి గుడ్డతో తుడవండి.

ఇక్కడ ఆగండి. అందరూ తొందరపడి పాడుచేసే ఘట్టం ఇదే.

కాల్చిన మట్టి నిండా కంటికి కనిపించని రంధ్రాలు ఉంటాయి. వేసవిలో కుండలో నీళ్ళు చల్లబడేది వాటి వల్లే. పూల కుండీలోనూ మొక్కకు పోసిన నీరు అలాగే గోడలోంచి బయటికి ఊరుతుంది. దారిలో రంగు పొర అడ్డొస్తే దాన్ని వెనకనుంచి నెడుతుంది. నీటిలోని, ఎరువులోని లవణాలు కూడా ఆ తడితోపాటు వచ్చి రంగు కింద తెల్లగా పేరుకుంటాయి. బోరు నీళ్ళు పోసే ఇళ్ళలో ఈ బెడద మరీ ఎక్కువ.

అందుకే ముందు కుండీ పూర్తిగా ఆరాలి. పైకి పొడిగా కనిపిస్తే చాలదు. కనీసం రెండు రోజులు మంచి ఎండలో బోర్లించి ఉంచండి. తర్వాత దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి, గంటసేపు ఎండలో వదలండి. సంచి లోపల చెమట పడితే గోడలో ఇంకా తడి ఉన్నట్టే. మళ్ళీ ఎండబెట్టండి. పాత కుండీ అయితే నాలుగైదు రోజులు పట్టినా ఆశ్చర్యం లేదు.

ఆరాక లోపలి గోడ మొత్తానికి వార్నిష్ పూయండి. అంచు మీద, అడుగు చిల్లు చుట్టూ, కింద నేలకు ఆనే భాగంలో కూడా పూయాలి. చాలామంది మరిచేది ఈ చివరిదాన్నే. పళ్ళెంలో నిలిచిన నీటిని కుండీ అక్కడినుంచే పైకి పీల్చుకుంటుంది. చిల్లు మాత్రం మూసుకుపోకూడదు. మొదటి పూతను మట్టి తాగేస్తుంది కాబట్టి మూడు పూతలు తప్పనిసరి, ఒకటి ఆరాకే మరొకటి.

ఇలా చేస్తే వేళ్ళకు గాలి ఆడదని కొందరు వాదిస్తారు. కడియం నర్సరీలలో ఎన్నో మొక్కలు నల్ల పాలిథిన్ సంచుల్లోనే ఏపుగా పెరుగుతున్నాయి. మట్టి గుల్లగా ఉండి, చిల్లులోంచి నీరు పోతుంటే చాలు. పైగా మన ఎండల్లో తడి ఎక్కువసేపు నిలవడం మేలే. అయితే నీళ్ళు పోసేముందు వేలితో మట్టిని తాకి చూడటం అలవాటు చేసుకోండి.

ఇక బయట ప్రైమర్ ఒక పూత, జాజు ఎరుపు రెండు పలుచని పూతలు వేయండి. నీడలోనే వేయాలి. ఎండలో అయితే కుంచె జాడలు అలాగే గట్టిపడిపోతాయి.

ముగ్గుకు కొలత కావాలి. అంచు చుట్టూ దారం చుట్టి కత్తిరించి, మూడుసార్లు మడిస్తే ఎనిమిది భాగాలు వస్తాయి. ఆ మడతల దగ్గర అంచు మీద సుద్దతో గుర్తులు పెట్టి, అడుగు వరకు నిలువు గీతలు గీయండి. కుండీ కిందికి సన్నబడుతుంది కాబట్టి చుక్కలు కూడా కిందికి వచ్చేకొద్దీ దగ్గరపడాలి. కాగితం మీది ముగ్గును అలాగే దించితే వంకర పోతుంది. తెలుపు ఒక్కటే వాడండి. జాజు పూసిన గడప మీద, తులసికోట మీద తెల్ల ముగ్గు ఎంత నిండుగా ఉంటుందో మనకు తెలుసు, మూడో రంగు చేరితే ఆ నిండుదనం పోతుంది. అంగట్లో దొరికే స్టిక్కర్ల జోలికి అసలు పోవద్దు.

ముగ్గు ఒక రోజంతా ఆరాక బయట రెండు పూతలు వార్నిష్ వేయండి. మట్టి నింపడానికి మరో మూడు రోజులు ఆగండి. తొలకరికి ముందు ఏటా అంచు మీద ఇంకో పూత వేయండి. నీళ్ళ చెంబు తగిలి పొర ముందుగా గీసుకుపోయేది అక్కడే.