ఆటలోంచి పుట్టిన ఫాంటసీ నవల చప్పగా ఉందా? సమస్య - పరిష్కారం

విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఒక మేడ మీద, ఆదివారాలు మా బ్యాచ్ పాచికలు ముందేసుకుని డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడటానికి కూర్చుంటుంది. ఒక్కొక్కరూ ఒక్కో పాత్రయి, పాచికలేసుకుంటూ కథ నడిపే ఆట అది. కొత్తగా చేరినవాళ్లు ఆ ఊపులో అదే ఆట మీద వచ్చిన లావుపాటి నవల తెప్పించుకుంటారు. వారం తిరక్కుండా మొహం మాడ్చుకుని వస్తారు: "ఏటి గురూ, ఆట అంత బాగుంటే పుస్తకం ఇలగుందేటి?" పక్కన పడేసే ముందు జబ్బేదో చూసుకోండి.

సమస్య: మొదటి అధ్యాయంలోనే సత్రం, ముక్కూమొహం తెలియని నలుగురు, ముసుగేసుకుని పని అప్పగించే ముసలాయన.

కారణం: 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చినప్పుడు యోధుడు, మాంత్రికుడు, పూజారి అని మూడు రకాల పాత్రలే. మరుసటి ఏడు వచ్చిన అనుబంధ పుస్తకంలో దొంగ చేరాడు. బల్ల చుట్టూ కూర్చున్న ప్రతివాడికీ ఏదో ఒక పని దొరకాలని ఆ పంపకం. సత్రం కూడా అంతే, నలుగుర్నీ గబగబా కలపకపోతే చీకటిపడేలోగా ఆట మొదలవదు. నవలకి ఆ తొందరేమీ లేదు.

పరిష్కారం: ఇది ఓర్చుకోదగ్గ జబ్బే. నలుగురిలో ఒక్కరికైనా మిగతావాళ్లతో పొసగని కారణం కనిపిస్తే చదవండి.

సమస్య: యోధుడి భుజంలో గొడ్డలి దిగుతుంది. రెండు పేరాలు తిరిగేసరికి అదే చేత్తో కత్తి తిప్పుతుంటాడు. రాత్రి పూజారి చెయ్యేసి మంత్రం చదివితే తెల్లారేసరికి మచ్చ కూడా ఉండదు. మీకు ఆవులింత.

కారణం: హిట్ పాయింట్లు, అంటే పాత్ర ఇంకా ఎంత దెబ్బ తట్టుకోగలదో చెప్పే అంకె. పాత్రకి 40 ఉన్నా 1 మిగిలినా కొట్టే దెబ్బలో తేడా రాదు, సున్నాకి దిగితేనే పడిపోతాడు. లెక్క సులువవాలని పెట్టిన నియమం. కానీ బల్ల దగ్గర ఆ ఒక్క పాయింటు మిగిలినప్పుడు ఎవరూ టీ గ్లాసు ముట్టుకోరు. దెబ్బ తగిలిందో లేదో తేల్చే 20 ముఖాల పాచికలో ఒక్కో అంకె పడే అవకాశం నూటికి 5 వంతులే. 1 పడిందా, కొట్టిన దెబ్బ గాల్లోకే. ఏది పడుతుందో ఆట నడిపేవాడికీ తెలీదు. నవల్లో పాచిక రచయిత జేబులో ఉంటుంది, ఆయన 1 పడనివ్వడు. నియమాలన్నీ పుస్తకంలోకి వచ్చాయి, పాచిక మాత్రం బల్ల మీదే ఉండిపోయింది. అసలు రోగం ఇదీ.

"కథ ముందే తెలిసిపోతోంది, అందుకే బోరు" అంటారు కొందరు. నేనొప్పుకోను. 1757లో బొబ్బిలి కోట పడిపోయిందని మన వైపు చిన్నపిల్లాడికీ తెలుసు. అయినా బుర్రకథ వింటున్నంతసేపూ, పాపారాయుడు రాజాం నుంచి కాస్త ముందే వచ్చుంటే బాగుణ్ణని అనిపిస్తూనే ఉంటుంది.

పరిష్కారం: ప్రతి పోట్లాట ముందూ, ఓడితే వీళ్లకి చావు కాక ఇంకేం పోతుందని అడగండి. జవాబు లేకపోతే ఆ పోట్లాట దాటేసి తర్వాతి అధ్యాయానికి పోండి. కథ ఎక్కడా తెగదు, అదే దాని మీద పెద్ద ఫిర్యాదు.

సమస్య: మాంత్రికుడు మంత్రం వేయగానే మర్చిపోతాడు, పొద్దున్నే మళ్లీ బట్టీ పడతాడు.

కారణం: ఇది జాక్ వాన్స్ 1950లో అచ్చేసిన కథల్లోంచి ఆటలోకొచ్చిన పద్ధతి. మాంత్రికుడొక్కడే అందర్నీ మింగేయకుండా పగ్గం. ఆటలోంచి మళ్లీ నవల్లోకొచ్చేసరికి పగ్గం మిగిలింది, వింత పోయింది.

పరిష్కారం: ఉన్న ఒక్క మంత్రాన్నీ తప్పుచోట వాడేసుకుని ఇరుక్కున్నాడా? ఆ రచయితకి పని తెలుసు, వదలకండి.

ఇక నవల్లో వీళ్లు కనబడ్డ ప్రతి పెట్టే ఎందుకు తెరుస్తారంటే, ఆట పాత నియమాల్లో బంగారం తెచ్చినా, పాత్ర స్థాయి పెంచే అనుభవం పాయింట్లు వచ్చేవి. దీనికి మందు లేదు.

అన్ని లక్షణాలూ ఒకే పుస్తకంలో కనిపిస్తే చదవడం ఆపేయండి. ముందున్న మ్యాపు, భూతాల వర్ణనలు, ఊళ్ల పేర్లు మాత్రం ఉంచుకుని వచ్చే ఆదివారం పట్టుకురండి, ఆటకి పనికొస్తాయి. రెండో భాగం ఆర్డరు పెట్టేసి ఉంటే ఇప్పుడే క్యాన్సిల్ చేసుకోండి.