మనుషులతో పని – ఐదో పాఠం: కొత్తవాళ్లకు పని నేర్పడం

పోయిన పాఠంలో ఏ పని ఎవరికి అప్పగించాలో చూశాం. అప్పగించిన మనిషికి ఆ పని రాకపోతే అదంతా వృథా కాబట్టి, ఈసారి నేర్పడం గురించి. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో అడిగినా, జడ్చర్ల దగ్గర పోలేపల్లి ఫార్మా యూనిట్లలో అడిగినా సూపర్‌వైజర్ల నోట ఒకే మాట వినిపిస్తుంది: "ఎన్నిసార్లు చెప్పినా వీడికి ఎక్కుతలేదు." ఆ తప్పును నేను కొత్తవాడి మీద వేయను. అతనికి రాలేదంటే మనం నేర్పలేదనే లెక్క. ఈ పాఠం మొత్తం ఆ నమ్మకం మీదే నడుస్తుంది.

అలా నేర్పడానికి ఒక పద్ధతి ఉంది, అది పాతదే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో అనుభవమున్న కార్మికులు సైన్యంలోకి వెళ్లిపోతే, అంతకుముందు యంత్రం ముట్టనివాళ్లు, అందులో ఎంతోమంది ఆడవాళ్లు, ఫ్యాక్టరీల్లో చేరారు. వాళ్లకు త్వరగా పని నేర్పడానికి అక్కడి ప్రభుత్వం 1940లో 'ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ' అనే కార్యక్రమం పెట్టి 1945 దాకా నడిపింది. యుద్ధం ముగిశాక అది జపాన్‌కు చేరి, టయోటా లాంటి కంపెనీల్లో పాతుకుపోయింది. అందులో నేర్పడానికి నాలుగు దశలు చెప్పారు: మనిషిని సిద్ధం చేయడం, చేసి చూపించడం, అతనితో చేయించడం, తర్వాత కనిపెట్టుకుని ఉండడం. వినడానికి చిన్న విషయమే. పని మీద పెడితేనే అసలు సంగతి తెలుస్తుంది.

మిల్లు గేటు దగ్గర వడ్ల తేమ చూసే పని తీసుకుందాం. సాగర్ ఎడమ కాలువ కింద కోతలు మొదలైతే హార్వెస్టర్ కోసిన వడ్లు పచ్చివి పచ్చిగానే ట్రాక్టర్లలో మిర్యాలగూడ మిల్లులకు వస్తాయి. సర్కారు కొనుగోలు కేంద్రంలో 17 శాతానికి మించి తేమ ఉండకూడదు. మిల్లు దగ్గర తేమను బట్టి రేటు మాట్లాడుకుంటారు. అంటే గేటు దగ్గర నిలబడే కుర్రాడి చేతిలో రైతు డబ్బూ ఉంది, మిల్లు డబ్బూ ఉంది. అలాంటి పనిని మనం ఎలా నేర్పుతున్నాం? మీటర్ చేతికిచ్చి, "గింజలు పోసి బటన్ నొక్కు, నంబర్ రాయి" అంటాం. అంతే.

పనిని ముందు కాగితం మీద మూడు వరుసలుగా విడగొట్టండి. మొదటి వరుసలో చేయాల్సిన పనులు: శాంపిల్ తీయడం, శుభ్రం చేయడం, కప్పు నింపడం, రీడింగ్ చూడడం, రాయడం. రెండో వరుసలో ఒక్కోదానికి కీలకం. శాంపిల్ ట్రాలీ పైన, నడుమ, అడుగున, మూలల్లో తీసి కలపాలి. తాలు, గడ్డిపోచలు ఏరేయాలి. కప్పును అదిమి నింపకూడదు, అంచు దాకా వదులుగా పోయాలి. డ్రయ్యర్‌లోంచి అప్పుడే తీసిన వేడి గింజ అయితే చల్లారాకే చూడాలి. మూడుసార్లు చూసి సగటు రాయాలి. మూడో వరుసలో కారణం. ఇదే అందరూ వదిలేసేది. "తమ్మీ, పైన గింజ ఎండకు ఆరి ఉంటది, అడుగున పచ్చిగుంటది. పైపైన తీస్తే మీటర్ తక్కువ చూపిస్తది. లోడు దించినంక లొల్లయితది." ఈ రెండు ముక్కలు తెలిసినవాడు మీరు లేనప్పుడు కూడా అడుగు నుంచే తీస్తాడు. తెలియనివాడు ట్రాక్టర్ల వరుస పెరగగానే పైనుంచి గుప్పెడు తీసి కానిచ్చేస్తాడు.

ఈ కాగితం రాయడానికి మీ దగ్గరున్న సీనియర్‌ను కూర్చోబెట్టుకోండి. అతనికి ఆ పని చేతుల్లో ఉంటుంది కానీ నోటికి రాదు. అందుకే అడగడం మానేసి, అతను చేస్తుంటే పక్కన నిలబడి చూస్తూ రాసుకోండి. ఇంకోటి కూడా ఉంది: నేర్పేస్తే తనకు విలువ పోతుందని చాలామంది సీనియర్లు లోలోపల భయపడతారు. ఆ భయం నిజమైనది, తీసిపారేయకండి. నేర్పిన మనిషి పేరు యజమాని ముందు చెప్పండి, నేర్పే రోజుల్లో అతని మీద మిగతా పని తగ్గించండి.

పోచంపల్లిలో పిల్లలు మగ్గం పక్కనే పెరుగుతారు కాబట్టి చిటికి కట్టడం, అంటే రంగు వేసే ముందు నూలుకు ముడులు కట్టడం, చూస్తూ చూస్తూ వచ్చేస్తుంది. సీజన్‌లో చేరిన మనిషికి అన్ని ఏండ్లు ఎవరిస్తారు? అందుకని చూపించడం కూడా మూడుసార్లు వేరువేరుగా ఉండాలి. మొదటిసారి పనులు మాత్రమే, రెండోసారి కీలకాలతో, మూడోసారి కారణాలతో. ఒకేసారి అన్నీ గుప్పిస్తే ఏదీ నిలవదు. బీహార్ నుంచి వచ్చిన హమాలీలకు నేర్పేటప్పుడైతే మాట తగ్గించి చేతితో చూపించడమే మేలు. మన హిందీ వాళ్లకు, వాళ్ల హిందీ మనకు సగమే అర్థమవుతుంది.

చూపించాక మనం అడిగే ప్రశ్న "సమజైందా?" అవతలి నుంచి "అయింది సార్". ఆ జవాబుకు అర్థం లేదు. కొత్తగా చేరినవాడు, నలుగురి ముందు, కాలేదని ఎలా అంటాడు? అడగొద్దు, చేయించండి. మొదట మాట్లాడకుండా చేయనివ్వండి, తప్పు పోతే అక్కడికక్కడే ఆపి సరిచేయండి. తర్వాత అతనే పనులు చెప్తూ చేయాలి, ఆపై కీలకాలు, చివరికి కారణాలు. "అడుగు నుంచి ఎందుకు తీస్తున్నవ్?" అంటే తన మాటల్లో చెప్పగలిగిన రోజు అతన్ని గేటు మీద నిలబెట్టండి.

ఆ తర్వాత వదిలేయకండి. సందేహమొస్తే ఎవరిని అడగాలో ఒక్క మనిషి పేరు చెప్పండి. మొదటి రోజు గంటకోసారి వెళ్లి చూడండి, కుదురుకున్నకొద్దీ తగ్గించండి. ఫార్మా యూనిట్లలో రాసిన పద్ధతులు ఉంటాయి, చదివి సంతకం పెట్టించుకుంటారు. ఆ సంతకం ఆడిట్‌కు పనికొస్తుంది, అతని చేతికి పని వచ్చిందో లేదో మాత్రం చెప్పదు.

ఆరో పాఠానికి ముందు మీ దగ్గర తరచూ తప్పు పోయే ఒక్క పని ఎంచుకోండి, పది నిమిషాల్లో నేర్పగలిగినంత చిన్నది. మూడు వరుసల కాగితం రాసి, ఆ పని అసలు తెలియని ఒకరికి నేర్పి చూడండి. అతను ఎక్కడ ఆగిపోయాడో ఆ కాగితం మీదే గుర్తు పెట్టుకోండి. వచ్చే పాఠం, తప్పు జరిగినప్పుడు ఎలా మాట్లాడాలన్నది, ఆ గుర్తుల నుంచే మొదలవుతుంది.