ఇంటి కంప్యూటర్‌కు కాపలా – 4వ పాఠం: ఆ హెచ్చరిక పంపింది ఎవరు?

పోయిన పాఠంలో ఒక పని చెప్పాను. ల్యాప్‌టాప్ కొన్నప్పుడు దాంతోపాటు వచ్చి, గడువు తీరిపోయి ఊరికే పడి ఉన్న ట్రయల్ యాంటీవైరస్‌ను తీసేయమన్నాను. చాలామంది తీసేశారు. మూడు రోజులు తిరక్కుండానే ఫోన్లు మొదలయ్యాయి. "తీసేశానండీ, అయినా కింద కుడి మూలన ఎర్ర పెట్టె వస్తూనే ఉంది. 5 వైరస్‌లు ఉన్నాయంటోంది, సబ్‌స్క్రిప్షన్ అయిపోయిందంటోంది" అని. తెనాలి నుంచి మాట్లాడిన ఒక రిటైర్డ్ మాస్టారైతే భయపడి ఆ పెట్టె మీద నొక్కి 2,499 రూపాయలు కట్టేశారు. కట్టాక కూడా హెచ్చరికలు ఆగలేదు.

ఆ తప్పులో నాకూ వాటా ఉంది. తీసేయమని చెప్పినవాణ్ని, తీసేశాక తెరమీద వచ్చేవాటిలో ఏది నిజమో ఏది దొంగదో చెప్పాల్సింది. అందుకే ఏ యాంటీవైరస్ ఎంచుకోవాలన్న మాట ఈ పాఠం చివరికి జరుపుతున్నాను. ముందు ఈ పెట్టె సంగతి తేల్చుకుందాం.

మళ్లీ వచ్చినప్పుడు దాన్ని నొక్కకండి. మూసేయను కూడా మూసేయకండి. కళ్లజోడు పెట్టుకుని చదవండి. పెద్ద అక్షరాలను వదిలేసి చిన్న అక్షరాలు చూడండి. పైన 'గూగుల్ క్రోమ్' అనో 'మైక్రోసాఫ్ట్ ఎడ్జ్' అనో ఉంటుంది. అడుగున మీరెప్పుడూ వినని వెబ్‌సైట్ పేరు ఒకటి లేత రంగులో ఉంటుంది. యాంటీవైరస్ కంపెనీ బొమ్మ ఉండొచ్చు, పేరు ఉండొచ్చు. బొమ్మ ఎవరైనా అతికించుకోగలరు. ఆ లేత అక్షరాల్లో ఉన్నదే అసలు చిరునామా.

ఇది లోపలికి ఎలా వచ్చింది? మీరే రానిచ్చారు. ఏదో ఒక రోజు పాత ప్రశ్నపత్రాల పీడీఎఫ్ కోసం వెతికి ఉంటారు. లేదా ఉచితంగా క్రికెట్ చూపించే సైట్ తెరిచి ఉంటారు. లేదా పిల్లాడు గేమ్ కోసం, అమ్మ సీరియల్ పాత ఎపిసోడ్ కోసం. అక్కడ 'మీరు రోబో కాదని చెప్పడానికి అలౌ నొక్కండి' అని ఉంటుంది. అలౌ నొక్కితే రోబో సంగతి ఏమీ తేలదు. ఆ సైట్ మీ తెరమీదికి ఎప్పుడంటే అప్పుడు నోటిఫికేషన్ పంపుకోవడానికి అనుమతి దొరుకుతుంది, అంతే. ఆ అనుమతిని పట్టుకుని వాళ్లు రోజుకు ఇరవైసార్లు భయపెడతారు.

ఇక్కడే అందరూ బోర్లాపడేది, నాకు బాధ కలిగించేది కూడా ఇదే. ఆ పెట్టె వైరస్ కాదు. మీ డిస్కులో దాని తాలూకు ప్రోగ్రామేదీ లేదు. అందుకే ఎన్నిసార్లు స్కాన్ చేసినా ఏమీ దొరకదు. ఏమీ దొరకలేదంటే 'నా యాంటీవైరస్ పనికిరానిది' అనుకుంటారు. ఇంకోటి కొంటారు. అదీ ఏమీ పట్టదు. మూడోది వేస్తారు. జబ్బు బ్రౌజర్ సెట్టింగులో ఉంటే మందు డిస్కుకు వేస్తున్నామన్నమాట.

క్రోమ్‌లో పైన మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్‌కు వెళ్లండి. ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్. అక్కడ అనుమతి ఉన్న సైట్ల జాబితా కనిపిస్తుంది. మీకు తెలియని ప్రతి పేరు పక్కనా చుక్కలు నొక్కి బ్లాక్ చేయండి. నేనైతే ఒక్కటి కూడా ఉంచను. అదే పేజీలో నోటిఫికేషన్లు అడగనే అడగొద్దని చెప్పే వీలుంది, అది ఎంచుకుంటాను. ఎడ్జ్ సెట్టింగుల్లో పైనున్న వెతికే పెట్టెలో నోటిఫికేషన్స్ అని కొడితే ఇలాంటి జాబితానే దొరుకుతుంది. తెనాలి మాస్టారి జాబితాలో పదకొండు సైట్లున్నాయి. అన్నీ తీయించాక ఆ సాయంత్రం నుంచి ఒక్క పెట్టె కూడా రాలేదు.

దీనికి అన్నలాంటిది ఇంకోటి ఉంది. తెర నిండా నీలం రంగు, సైరన్ మోత, మధ్యలో 'ఈ నంబరుకు ఫోన్ చేయండి'. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోన్ నంబరు పెట్టదు. నంబరు ఉందంటే దొంగ. ఎస్కేప్ మీట కాసేపు నొక్కి పట్టుకోండి. పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, వచ్చిన జాబితాలో బ్రౌజర్‌ను ఎంచుకుని ఎండ్ టాస్క్ కొట్టండి. ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు సిగ్గుపడి దాచుకోవద్దు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. తర్వాత బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించండి. వాళ్లు చెప్పారని దూరం నుంచి కంప్యూటర్ నడిపే యాప్ ఏదైనా వేసుకుని ఉంటే నెట్ తీసేసి, ఆ యాప్ తొలగించి, పాస్‌వర్డ్‌లన్నీ వేరే పరికరం నుంచి మార్చండి.

ఇక ఎంపిక.

విండోస్ 10, 11 ఉన్న ఇంట్లో మైక్రోసాఫ్ట్ వాళ్ల సొంత యాంటీవైరస్ డిఫెండర్ ముందే ఉంది. డబ్బు కట్టక్కర్లేదు, దానంతటదే అప్‌డేట్ అవుతుంది. పేపర్ చదువుకుని, బ్యాంకు పనులు చూసుకుని, అమెరికాలో ఉన్న పిల్లలతో వీడియో కాల్ మాట్లాడే ఇంటికి అది చాలు. నా కంప్యూటర్లో ఉన్నదీ అదే. ఆదివారం పొద్దున ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టి కాఫీ తాగొస్తాను. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి లోపల దాక్కున్నవి తప్పించుకోవడం కష్టం. పావుగంట పని.

కొనాలనే అనుకుంటే పుణెలో పుట్టిన క్విక్ హీల్, చెన్నైలో పుట్టిన కే7 మన దేశానివే. ఏది కొన్నా ముందు యాంటీవైరస్‌లను పరీక్షించే జర్మనీ సంస్థ ఏవీ-టెస్ట్ ఫలితాలు చూడండి. వాళ్లు మూడు అంశాలకు ఆరేసి మార్కులు వేస్తారు: వైరస్‌లను ఎంత ఆపింది, కంప్యూటర్‌ను ఎంత నెమ్మది చేసింది, మంచి ఫైళ్లను దొంగలని ఎంత అరిచింది. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌కు రెండో మార్కు చాలా ముఖ్యం. ధర చూసేటప్పుడు మొదటి ఏడాది రేటు కాదు, రెండో ఏడాది రేటు అడగండి. ఆటో రెన్యువల్ ఆపేయండి.

ఉచితంగా ఇచ్చేవాటిలో కూడా ఆచితూచి వేసుకోవాలి. తమ యాంటీవైరస్ వాడేవాళ్లు ఏయే సైట్లు చూశారో ఆ వివరాలు అమ్ముకున్నారన్న ఆరోపణ మీద 2024లో అవాస్ట్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది. 1.65 కోట్ల డాలర్లు కట్టమంది. కాపలాదారుకు ఇల్లంతా కనిపిస్తుంది, అందుకే ఎవర్ని పెట్టుకుంటున్నామో చూసుకోవాలి.

రెండు వేస్తే రెట్టింపు భద్రత అని ఇంకా ఎవరైనా అనుకుంటుంటే, ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. తెరిచిన ప్రతి ఫైలునూ రెండూ వెతుకుతాయి, ఒకటి దాచిన వైరస్ నమూనాను రెండోది వైరస్ అని పట్టుకుంటుంది. బయటిది వేస్తే డిఫెండర్ తనే పక్కకు తప్పుకుంటుంది. రెండు బయటివి మాత్రం ఎప్పుడూ వద్దు. విండోస్ సెక్యూరిటీ తెరిచి, సెట్టింగ్స్‌లో మేనేజ్ ప్రొవైడర్స్ చూస్తే ఇప్పుడు కాపలా ఎవరిదో పేరుతో సహా రాసి ఉంటుంది.

విండోస్ 10 వాళ్లకు ఒక మాట. దానికి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. అదనపు అప్‌డేట్ల పథకంలో చేరండి, లేదా 11కు మారండి. ఈ లోటును ఏ యాంటీవైరస్సూ పూడ్చలేదు. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలో ఇచ్చింది.

అభ్యాసం. ఈసారి కాస్త కష్టమైనదే ఇస్తున్నాను. ఒక నోటుబుక్కు కంప్యూటర్ పక్కన పెట్టండి. ఏడు రోజులు తెరమీద వచ్చిన ప్రతి హెచ్చరికనూ రాయండి: తేదీ, టైము, ఏమంది, చిన్న అక్షరాల్లో ఎవరి పేరుంది. విండోస్ సెక్యూరిటీదా, బ్రౌజర్‌దా, మీరు కొన్న యాంటీవైరస్‌దా అని పక్కన గీత గీసి రాయండి. ఇంట్లో అందరూ వాడే కంప్యూటరైతే అందరిచేతా రాయించండి. ఎనిమిదో రోజున యాంటీవైరస్ పరిశోధకుల సంస్థ ఐకార్ (EICAR) వారి సైట్ నుంచి పరీక్ష ఫైలు దించుకోవడానికి ప్రయత్నించండి. అందులో ఉండేది 68 అక్షరాలే, ఏ హానీ చేయదు. యాంటీవైరస్‌లు మేలుకుని ఉన్నాయో లేదో చూడ్డానికే దాన్ని తయారుచేశారు. మీ కాపలాదారు దాన్ని పట్టుకున్నప్పుడు వచ్చే పెట్టె ఎలా ఉందో నిదానంగా చూసి, దాన్నీ నోటుబుక్కులో రాసుకోండి. దొంగ పెట్టెల పక్కనే రాయండి.

వచ్చే పాఠం పెన్‌డ్రైవ్‌ల గురించి. జిరాక్స్ షాపులో పెట్టి తెచ్చిన పెన్‌డ్రైవ్ మీ దగ్గర ఉంటే, అప్పటిదాకా కంప్యూటర్‌కు పెట్టకుండా పక్కన ఉంచండి.