సెరిబ్రల్ పాల్సీ పిల్లల పిక్క కండను స్కాన్‌లో కొలవాలంటే

పిక్క చుట్టూ టేపు తిప్పి కండ ఎంత ఉందో చెప్పడం నేను మానేశాను. టేపులో కండతో పాటు కొవ్వూ ఎముకా కూడా కలిసే వస్తాయి. స్పాస్టిక్ సెరిబ్రల్ పాల్సీ (ఎదిగే మెదడు దెబ్బతిని కండరాలు బిగుసుకుపోయే స్థితి) ఉన్న పిల్లల్లో పిక్క లోపలి వైపు కండ, అంటే మీడియల్ గ్యాస్ట్రోక్నీమియస్, బడి ఈడు రాకముందే తోటి పిల్లల కంటే చిన్నగా ఉంటుంది. కండ బిగువు తగ్గించడానికి ఇచ్చే బొటాక్స్ ఇంజక్షన్ తర్వాత ఇంకా తగ్గొచ్చు. అందుకే ఇంజక్షన్‌కి ముందు ఒకసారి, తర్వాత రివ్యూకి వచ్చినప్పుడల్లా అల్ట్రాసౌండ్ స్కాన్‌లో కొలవమని పట్టుబడతాను.

నేను ఫిజియోథెరపిస్టుని. మన దేశంలో లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద రిజిస్టరైన చోటే, అర్హత ఉన్న డాక్టరే అల్ట్రాసౌండ్ చేయాలి. కాబట్టి ప్రోబ్, అంటే ఒంటికి ఆనించే స్కాన్ పరికరం, రేడియాలజిస్టు చేతిలో ఉంటుంది. గుర్తులు పెట్టడం, పాదం పట్టుకోవడం, పిల్లల ఒళ్లు వదులయ్యేలా చూడడం నా పని. కొలత నిలిచినా పోయినా ఎక్కువగా ఇక్కడే.

బిడ్డను బోర్లా పడుకోబెట్టి, పాదాలు బల్ల అంచు దాటి బయటికి ఉండేలా చూడండి. తుంటి పూర్తిగా చాపలేని పిల్లలకు పొట్ట కింద పల్చటి దిండు పెట్టండి. పాదాన్ని 90 డిగ్రీలకు తేవాలని నెట్టకండి. ఎక్కడ తేలిగ్గా నిలుస్తుందో అక్కడే ఉంచి, గోనియోమీటర్‌తో (కీలు కోణం కొలిచే పరికరం) ఆ కోణం కొలిచి రాసుకోండి. తర్వాతిసారీ అదే కోణం. పాదం కోణం మారితే కండ మందమూ మారుతుంది.

మోకాలి వెనక మడత నుంచి బయటి చీలమండ దాకా కొలిచి, పైనుంచి 30 శాతం దూరంలో పెన్నుతో గీత పెట్టండి. ఆ పొడవు 24 సెం.మీ. అయితే గీత 7.2 సెం.మీ. దగ్గర పడుతుంది. కళ్లతో చూసి అంచనాగా పెడితే మళ్లీ అదే చోటు దొరకదు.

అసలు కష్టం కండ బిగుసుకోవడంతోనే. చల్లటి జెల్ తగలగానే బిడ్డ ఉలిక్కిపడుతుంది, పిక్క రాయిలా అవుతుంది, తెర మీద కండ ఉబ్బి కనిపిస్తుంది. అందుకే జెల్ సీసాను ముందే గోరువెచ్చటి నీళ్లలో ఉంచుతాను. తల్లిని తల దగ్గర కూర్చోమంటాను. "అమ్మా, మీరు మాట్లాడుతూ ఉండండి, లెక్కలు మాత్రం అడగకండి" అని చెప్తాను, ఎందుకంటే జవాబు కోసం ఆలోచించినా కాలు బిగుస్తుంది. తెరలో కండ పీచులు కదలడం ఆగేదాకా ఆగండి. డిస్టోనియా (కండరాలు వాటంతటవే బిగిసి మెలితిరగడం) ఉన్న పిల్లల్లో ఆ వదులు కొన్ని క్షణాలే దొరుకుతుంది, అప్పుడే ఫ్రేమ్ ఆపమని డాక్టరుగారికి చెప్పాలి.

ప్రోబ్ నొక్కితే కండ అణిగిపోతుంది. తెర పై అంచున చర్మానికీ ప్రోబ్‌కీ మధ్య సన్నటి నల్లటి జెల్ పొర కనిపిస్తున్నంతసేపు ఒత్తిడి లేనట్టే. కండకు పైనా కిందా తెల్లగా మెరిసే రెండు గీతల మధ్య దూరమే మందం. ప్రతిసారీ ప్రోబ్ తీసి, మళ్లీ పెట్టి మూడుసార్లు కొలవండి. 11.2, 11.5, 13.4 మి.మీ. వచ్చాయనుకోండి, సగటు తీసేయకండి. మూడోసారి కాలు బిగిసి ఉంటుంది, మళ్లీ తీయండి.

మందం ఒక్కచోటి లెక్క. కండ మొత్తం పరిమాణం కావాలంటే ఎంఆర్‌ఐ మేలు: ఒక్కో అడ్డుకోతలో, అంటే స్కాన్ చూపే పలచటి పొర చిత్రంలో, కండ వైశాల్యాన్ని కోత మందంతో గుణించి అన్నీ కూడాలి. 8 చదరపు సెం.మీ. వైశాల్యం, 5 మి.మీ. మందం అయితే ఆ కోత 4 మి.లీ. కానీ చిన్నపిల్లలకు దానికి మత్తు ఇవ్వాల్సి రావచ్చు. కొలత కోసమే అయితే నేను వద్దనే అంటాను.

ఎదిగే బిడ్డ కదా, మందం పెరిగిందని సంతోషపడే ముందు బరువూ కాలి పొడవూ చూడండి. ఒక పక్కే దెబ్బతిన్న పిల్లలకు రెండు కాళ్లూ కొలవండి.

ఫైల్‌లో ఇలా రాస్తాను: ఎడమ కాలు, బోర్లా, మోకాలు నిటారు, పాదం 25 డిగ్రీలు కిందికి, గుర్తు 7.2 సెం.మీ., మందం 11.3 మి.మీ., బరువు 17 కిలోలు. ఒక కాపీ తల్లి చేతికి ఇవ్వండి. వాళ్లు ఊరు మారి వేరే సెంటర్‌కి వెళ్లినా, అక్కడివాళ్లు అదే పద్ధతిలో కొలిచి పోల్చుకోగలుగుతారు.