స్వీడన్‌లో ఏబీ కంపెనీ పెట్టే ముందు జాగ్రత్తలు

ముందు డబ్బు సంగతి. ప్రైవేట్ ఆక్టిబోలాగ్ (ఏబీ)కి, అంటే అక్కడి లిమిటెడ్ కంపెనీకి, కనీస వాటా మూలధనం 25,000 క్రోనర్లు. 2020కి ముందు 50,000 ఉండేది, పాత లెక్కలు చూసి టెన్షన్ పడకండి.

బోర్డులో మీరొక్కరే ఉంటారా? అయితే ప్రత్యామ్నాయ సభ్యుడు ఒకరు తప్పనిసరి. ఆ మనిషిని ముందే ఒప్పించుకోండి.

రిజిస్ట్రేషన్ పూర్తికాకుండా కంపెనీ పేరుతో ఆఫీసు అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టకండి. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. కంపెనీ రిజిస్టర్ కాకపోతే ఆ అద్దె మీ జేబులోంచే కట్టాలి.

స్థాపన పత్రంపై సంతకాలయ్యాక 6 నెలల్లోగా బోలాగ్స్‌వెర్కెట్‌కి, అంటే కంపెనీలను రిజిస్టర్ చేసే అక్కడి ప్రభుత్వ కార్యాలయానికి, దరఖాస్తు చేయాలి.

నష్టాలతో కంపెనీ సొంత నిధి (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది) వాటా మూలధనంలో సగానికన్నా తగ్గిందని అనుమానం వస్తే వెంటనే ప్రత్యేక బ్యాలెన్స్ షీట్ వేయించండి. వదిలేస్తే ఆ తర్వాతి అప్పులు బోర్డు సభ్యుల మెడకు చుట్టుకుంటాయి.