లిస్ప్ మాక్రోలు, 9వ పాఠం: పక్కపక్కన రెండు కామాలు

పోయిన పాఠంలో జంట కామాల మీద ఇచ్చిన అభ్యాసానికి టెక్కలి నుంచి, రాజాం నుంచి వచ్చిన జవాబులు చాలావరకు ఒకే చోట ఆగిపోయాయి: ‘పొందూరు అనే చరరాశికి విలువ లేదు’ అన్న దోషం దగ్గర. అందుకే ఈసారి కొత్త అంశం మొదలుపెట్టడం లేదు. ఈ ముడి విడకుండా మాక్రోలను (లిస్ప్ భాషలో కోడ్‌ను పుట్టించే కోడ్‌ను) రాసే మాక్రోల జోలికి వెళ్లి లాభం లేదు.

ఒక్క బ్యాక్‌కోట్, ఒక్క కామా ఎలా పనిచేస్తాయో మీకు తెలుసు: బ్యాక్‌కోట్ (`) తన వెనక ఉన్నదాన్ని మూసలా యథాతథంగా ఉంచుతుంది, కామా ఉన్న చోట మాత్రం విలువ కట్టి పెడుతుంది. నేరుగా రెండింటికి వద్దాం. ఊరు అనే చరరాశిలో పొందూరు అనే సింబల్, అంటే డేటాగా వాడే పేరు, ఉందనుకోండి.

``(ఖద్దరు ,ఊరు)

దీనికి విలువ కడితే `(ఖద్దరు ,ఊరు) వస్తుంది. బయటి బ్యాక్‌కోట్ మాత్రమే రాలిపోయింది, ఊరు కదలలేదు. ఇప్పుడు ఇంకో కామా చేర్చండి.

``(ఖద్దరు ,,ఊరు)

ఇక్కడే చాలామంది ‘ఎడమ కామా ముందు కనిపిస్తోంది కాబట్టి అది బయటి బ్యాక్‌కోట్‌ది’ అని రాశారు. కాదు. ఈ అపోహను ఇవాళే వదిలేయండి, ఎందుకంటే మిగతా తప్పులన్నీ దీని నుంచే పుడుతున్నాయి. లిస్ప్ కుటుంబంలోని స్కీమ్ భాషకు 2013లో వచ్చిన ఆర్7ఆర్ఎస్ ప్రమాణం చెప్పేది సూటిగా ఉంది: బ్యాక్‌కోట్ లోపలికి వెళ్తే స్థాయి ఒకటి పెరుగుతుంది, కామా లోపలికి వెళ్తే ఒకటి తగ్గుతుంది. వేలితో లెక్కపెట్టండి. మొదటి బ్యాక్‌కోట్ దగ్గర 1, రెండోదాని దగ్గర 2. ఎడమ కామా దగ్గర 1, ఇంకా విలువ కట్టరు. కుడి కామా దగ్గర 0, ఇక్కడ కడతారు. అంటే ఊరును ఆనుకుని ఉన్న కుడి కామాయే బయటి బ్యాక్‌కోట్‌ది, మొదట పనిచేసేదీ అదే. ఎడమది లోపలిదాని కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. అదే కుటుంబంలోని మరో భాష కామన్ లిస్ప్‌లోనూ ఇదే నియమం.

ఫలితం `(ఖద్దరు ,పొందూరు). దీనికి మళ్లీ విలువ కడితే లిస్ప్ పొందూరు అనే చరరాశిని వెతుకుతుంది. అది లేదు. మీ దోషం అక్కడిదే. సింబల్ సింబల్‌గానే మిగలాలంటే రెండు కామాల మధ్య ఒక కోట్ ('), అంటే ‘విలువ కట్టకు’ అనే గుర్తు, పెట్టాలి:

``(ఖద్దరు ,',ఊరు)

మొదటి విడతలో `(ఖద్దరు ,'పొందూరు), రెండో విడతలో (ఖద్దరు పొందూరు). మధ్యలోని కోట్ స్థాయిని మార్చదు.

అయితే కోట్ లేని జంట కామాలు తప్పేమీ కాదు. లెక్క అనే చరరాశిలో (* ధర మీటర్లు) అనే జాబితా ఉంటే, ``(బిల్లు ,,లెక్క) మొదట `(బిల్లు ,(* ధర మీటర్లు)) అవుతుంది. రెండో విడత నాటికి ధర 300, మీటర్లు 4 అయితే (బిల్లు 1200). రెండో విడతలో లెక్క జరగాలా, లేక సరుకు యథాతథంగా చేరాలా అన్నదే మీరు వేసుకోవాల్సిన ప్రశ్న.

మూడు స్థాయిల బ్యాక్‌కోట్ నేను రాయను, మీరూ రాయకండి. లోపలి మూసను ఒక చిన్న ఫంక్షన్‌గా విడదీయండి. చదివేవాళ్లకు అదే మేలు.

అభ్యాసం. ఊళ్లు అనే చరరాశిలో (పలాస పొందూరు బొబ్బిలి) ఉంది. కామా పక్కన @ ఉంటే జాబితా బ్రాకెట్లు పోయి అందులోని అంశాలు విడివిడిగా చేరతాయి. కింది మూడింటికీ రెండు విడతల ఫలితాలను కంప్యూటర్ ముట్టుకోకుండా కాగితం మీద రాయండి. ఒకటి రెండో విడతలో విరిగిపోతుంది. అది ఏదో, ఎందుకో కూడా రాయాలి.

``(సరుకు ,',ఊళ్లు)
``(సరుకు ,@',ఊళ్లు)
``(సరుకు ,',@ఊళ్లు)

అది అయ్యాక, పేర్ల జాబితా తీసుకుని ఒక్కో పేరుకు ఒక్కో మాక్రోను నిర్వచించే మాక్రో రాయండి. పుట్టిన ప్రతి మాక్రో తన పేరును సింబల్‌గా తిరిగి ఇవ్వాలి. జవాబుతో పాటు స్థాయిల లెక్క కూడా పంపండి. లెక్క లేని జవాబులను ఈసారి దిద్దను.