నిద్రవేళ బెంగలకు సాయంత్రమే ఒక వేళ

పక్క ఎక్కగానే పిల్లలకు బెంగలు ముంచుకొస్తుంటే, వాటికి సాయంత్రమే 10–15 నిమిషాలు కేటాయించడం మాకు పనిచేసింది. రోజూ ఒకే సమయానికి, నిద్రకు కనీసం గంట ముందు. బెంగకో చీటీ రాసి డబ్బాలో వేయాలి. రాయలేని వాళ్లు బొమ్మ గీస్తారు. మిగతా వేళల్లో బెంగ గుర్తొస్తే "చీటీ వెయ్యి, సాయంత్రం చూద్దాం" అంటే చాలు. ఆ మాట మాత్రం తప్పకూడదు.

ఎక్కువగా చెడేది "ఏం కాదులే" అని పదేపదే భరోసా ఇవ్వడం వల్ల. ఆ క్షణానికి ఊరట, కానీ మళ్లీ మళ్లీ అడగడం అలవాటవుతుంది. "ఏం జరుగుతుందనుకుంటున్నావు? జరిగితే ముందుగా ఏం చేద్దాం?" అని అడిగి, జవాబు వాళ్లతోనే చెప్పించాలి. వెక్కి వెక్కి ఏడుస్తున్నప్పుడు ప్రశ్నలొద్దు. పక్కన కూర్చుని 3 లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, 5 లెక్కపెడుతూ వదలడం కలిసి చేయాలి. వారాల తరబడి నిద్ర, తిండి, బడి దెబ్బతింటుంటే పిల్లల మానసిక నిపుణులను కలవాలి.